గడిలో పట్టని పేరు

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే "కంప్యూటర్‌లో డిజైన్ పని" అని చెప్పి ఊరుకుంటాను. వివరంగా చెప్పబోతే వినేవాళ్ళ ముఖం చూసి నాకే విసుగొస్తుంది. ఫ్లెక్స్ బ్యానర్లు, పెళ్ళి పత్రికలు, క్యాలెండర్లు వేసే దుకాణాల కోసం చెన్నైలో ఒక చిన్న కంపెనీ సాఫ్ట్‌వేర్ తయారు చేస్తుంది. అందులో తెరకు ఎడమ పక్కన పనిముట్ల పట్టీ, కుడి పక్కన అక్షరాల ప్యానెల్ ఉంటాయి. ఏ మీట ఎక్కడ ఉండాలి, ఏది కనిపించాలి, ఏది దాగాలి, ఫాంట్ల జాబితా తెరిస్తే ఎలా తెరుచుకోవాలి, ఇవన్నీ నిర్ణయించడం నా పని. నిర్ణయించడం అన్నది జీతం కాగితం మీది మాట. అసలు జరిగేది ఏమిటంటే నేను గీస్తాను, మా మేనేజరు చెరుపుతాడు.

ఆయనకు ఖాళీ అంటే ప్రాణం. ప్యానెల్‌లో నాలుగు మీటలు కనబడితే ఇల్లు ఇరుకైపోయినట్టు బాధపడతాడు. రెండు తీసి మూడు చుక్కల వెనక పడేయమంటాడు. ఆ చుక్కలు నొక్కితే ఇంకో పెట్టె, దాని చివర మళ్ళీ మూడు చుక్కలు. "కావలసినవాడు వెతుక్కుంటాడు" అంటాడు ఫోన్‌లో. వెతుక్కునే మనిషి ఎదుట కస్టమరు నిలబడి ఉంటాడని, బయట ఆటో ఆగి ఉంటుందని ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు ఎక్కదు.

ఫాంట్ల జాబితాలో ఒక్కో వరుస ఎత్తు గురించి మేమిద్దరం ఒక వేసవంతా పోట్లాడుకున్నాం. ఆ వరుస ఇంగ్లీషు అక్షరాన్ని కొలిచి పెట్టింది. తెలుగు అక్షరానికి కింద ఒత్తు ఉంటుంది కదా, అది సగానికి తెగిపోతుంది. నమూనాగా "అమ్మ" అని పెడితే "అమ" కింద ఏదో నలక పడినట్టు కనబడుతుంది. ఒత్తు బాగుందో లేదో చూడకుండా తెలుగు ఫాంట్ ఎంచుకోవడమంటే కాళ్ళు చూడకుండా గుర్రాన్ని కొనడం. వరుస ఎత్తు పెంచమన్నాను. పెంచితే తెర మీద ఫాంట్లు తక్కువ కనబడతాయన్నాడు. తెలుగువాళ్ళకు అలవాటైపోతుందిలే అని కూడా అన్నాడు.

దానికన్నా పెద్ద గొడవ ఆటో ఫిట్ దగ్గర వచ్చింది. గడిలో మాటలు పట్టకపోతే సాఫ్ట్‌వేరే అక్షరాల్ని తగ్గించి పట్టించేస్తుంది. అంతవరకూ పరవాలేదు. కాని తగ్గించినట్టు ఎక్కడా చెప్పదు. సైజు చూపించే చోట పాత అంకె అలాగే నిలబడి ఉంటుంది, తెర మీద అక్షరం మాత్రం కుంగిపోయి ఉంటుంది. ప్యానెల్ అబద్ధం చెప్పకూడదు, కనీసం అంకె పక్కన ఒక పసుపు గుర్తయినా పెట్టండి అన్నాను.

"అక్షరం పిసరంత చిన్నదైతే ఎవరు చూస్తారు?" అన్నాడు మేనేజరు.

"మా ఊళ్ళో చూస్తారు" అన్నాను.

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మా ఊరు తమిళనాడు దక్షిణాన రాజపాళయం, నేను ఇంటి నుంచే పని చేస్తాను. ఇక్కడ మేము కొన్ని వందల ఏళ్ళుగా ఇంట్లో తెలుగు మాట్లాడతాం, కాగితం మీద తమిళం రాస్తాం. తెలుగు అక్షరాలు చదవగలిగేవాళ్ళు మా వీధిలో ఇంచుమించు లేరు. నేను నేర్చుకున్నది కూడా పెద్దయ్యాక, ఈ ఫాంట్ల పని కోసమే. తరువాత పుస్తకాలు పట్టుకున్నాను, వదల్లేదు.

మా ఇంటికి ఒకప్పుడు జిన్నింగ్ ఫ్యాక్టరీ ఉండేది. సేత్తూరు నుంచి, చోళపురం నుంచి వచ్చిన పత్తి బండ్లు తెల్లవారకముందే మా గేటు ముందు బారులు తీరేవి. ఫ్యాక్టరీ పోయింది, పొలాలూ పోయాయి. ఎలా పోయాయో ఇక్కడ రాయను. పోగొట్టినవాళ్ళు మా పెద్దలు, ఆ సంగతి మా ఇంటి గోడలు దాటనక్కరలేదు. ఇల్లు ఉంది. కింది భాగం బ్యాండేజీ గుడ్డ నిల్వ చేసుకునేవాళ్ళకు అద్దెకిచ్చాం. మా అత్త, అంటే మా నాయన చెల్లెలు, "అద్దె" అనదు. "పాపం చోటు లేదంటే వాడుకోనిచ్చినాము" అంటుంది. మేము చితికిపోయినవాళ్ళమని ఊళ్ళో ఎవరూ మా ముందు అనరు. వెనక అంటారు. అది వాళ్ళ మర్యాద.

మిగిలిన మర్యాద ఒకటుంది, చావడి బోర్డు మీద మొదటి వరుస.

చావడి అంటే మావాళ్ళంతా కూడే మండపం. తగవులు తీర్చుకునేదీ, పెళ్ళిళ్ళు మాట్లాడుకునేదీ, పండుగ మొదలయ్యేదీ అక్కడే. ఏటా పండుగ ముందు వాకిలి మీది ఇనుప చట్రానికి ఇళ్ళ పేర్ల బోర్డు కడతారు. ఇంటికి ఒక వరుస, తమిళ అక్షరాల్లో. వరుసల క్రమం ఎప్పుడో పెద్దలు పెట్టింది, ఎవరూ మార్చరు. దాంతోపాటు ఇంకో కట్టుబాటు ఉంది. అక్షరాలన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. ఒక ఇంటి అక్షరం పెద్దదైతే ఆ ఇల్లు తలెగరేసినట్టు. చిన్నదైతే ఆ ఇంటిని తగ్గించినట్టు. బోర్డు చేత్తో రాసే రోజుల్లో పెయింటరు దారానికి సుద్ద పూసి పలక మీద గీతలు కొట్టేవాడు, పైగీత దాటినా, కింది గీతకు అందకపోయినా మళ్ళీ తుడిచి రాయవలసిందే. ఇప్పుడు ఫ్లెక్స్ వచ్చింది. దారం పోయింది, కళ్ళు మాత్రం అవే.

మా వరుసలో ఉండేది మా ఇంటిపేరు, దాని పక్కన పాళెగాళ్ళ కాలంలో వచ్చిన బిరుదు, చివర ఇంటి పెద్ద పేరు. ఇంటిపేరూ బిరుదూ కలిస్తేనే చాలా పొడవు. మా నాయన పేరు పొట్టిది కాబట్టి ఎలాగో సర్దుకునేది. ఆయన పోయాక వారసులెవరన్న ప్రశ్న వచ్చింది. ఉన్నది నేనొక్కదాన్ని. ఆడపిల్ల పేరు బోర్డు మీద అంతకుముందు ఎన్నడూ ఎక్కలేదు. మా అత్త చావడిలో జరిగిన కూటానికి పోయి, మగవాళ్ళ మధ్య నిలబడి మాట్లాడింది. "పెయింటు డబ్బా బరువుకే వంగని చట్రం ఒక ఆడపిల్ల పేరుకు వంగిపోతాదా?" అని అడిగిందట. చాలామంది చాలా అన్నారట, అత్త అవి నాకు చెప్పదు. చివరకు సరేనన్నారు. ఇంటిపేరు, బిరుదు, నా పేరు.

నా పేరు మా నాయనమ్మది. పొట్టిపేరు కాదు.

బోర్డు అచ్చుకు పోయే ముందు రోజు సాయంత్రం నేనూ అత్తా ఫ్లెక్స్ దుకాణానికి పోయాం. బస్టాండు దగ్గర మేడపైన ఉంటుంది. నడుపుతున్నతను కూడా ఇంట్లో తెలుగే మాట్లాడతాడు, వాళ్ళవాళ్ళు స్పిన్నింగ్ మిల్లులో పనిచేసేవాళ్ళు. మా కంపెనీ సాఫ్ట్‌వేర్‌ని అతని దగ్గర పెట్టింది నేనే, జనం నిజంగా ఎలా వాడతారో కళ్ళారా చూద్దామని. చూశాను.

తెర మీద బోర్డు ఉంది. అత్త ముందుకు వంగి చూసింది.

"ఏమ్మే, మన పేరు నక్కినట్టు ఉండాదే?"

"నక్కేదేంది అత్తా, అన్నీ ఒకటే సైజు దా. ఇదో నంబరు చూడండి" అన్నాడతను. సైజు గడిలో నిజంగానే ఒకే అంకె ఉంది.

"నంబరు నాకెందుకు. దేవుడు కండ్లిచ్చినాడు" అంది అత్త. కళ్ళజోడు పెట్టె తీసి తెరకు ఆనించి రెండో వరుస అక్షరాన్ని కొలిచింది. తరువాత దాన్ని పైకి జరిపి మా వరుస మీద పెట్టింది. "చావడి సెక్రటరీ ఇంటి ఎళుత్తు పెట్టెను దాటినాది. మనది పెట్టెలో పడుకొని ఉండాది."

ఎళుత్తు అంటే అక్షరం. మా ఊళ్ళో ఆ మాటే వాడతాం, మాట మీద బరువు పెట్టాలంటే తమిళంలోలా "దా", "దానే" అని తగిలిస్తాం.

"నేనేం చేయలేదు అక్కా, అదే తగ్గించుకునింది" అన్నాడతను నాతో.

ఆటో ఫిట్.  అత్తకు సంగతి చెప్పాను. మిషను తనంతట తాను తగ్గించిందని.

"దానికెవరు చెప్పినారు తగ్గించమని?"

"మా కంపెనీవాళ్ళు."

"నువ్వు దానే కంపెనీ?"

"నేను వద్దన్నాను అత్తా."

"మనం వద్దంటే నిలిచిపోయే కాలం ఎప్పుడో పోయినాది, పో" అంది అత్త.

ఆటో ఫిట్ తీసేయమన్నాను. ఎక్కడుందని అడిగాడు. మూడు చుక్కలు నొక్కమన్నాను. నొక్కాడు. పెట్టె తెరుచుకుంది, దాని చివర ఇంకో మూడు చుక్కలు, అవీ నొక్కాడు, అంతలో మౌస్ కాస్త పక్కకు జారి మొత్తం మూసుకుపోయింది. మళ్ళీ మొదటి నుంచి. ఎట్టకేలకు తీశాడు. మా అక్షరాలు లేచి నిలబడ్డాయి. నా పేరులో వెనక సగం గడి దాటి మాయమైంది.

"ఇప్పుడు ఎళుత్తు సరి. పేరు దా అర" అన్నాడతను.

అప్పుడే చావడి సెక్రటరీ మెట్లెక్కి వచ్చాడు, హెల్మెట్ మోచేతికి తగిలించుకుని. వరసకు నాకు మామ. బోర్డులో రెండో వరుస వాళ్ళ ఇల్లే. వాళ్ళ తాత మా తాత ఎదురుపడితే తలపాగా తీసేవాడని మా అత్త చెబుతుంది, ఆయన లేనప్పుడూ, ఉన్నప్పుడూ కూడా.

"ఏమి పాపా, ముగిసినాదా? పొద్దునే కట్టాల" అన్నాడు.

సంగతి చెప్పాను. అన్ని వరుసలూ కాస్త తగ్గిస్తే అందరూ సమానంగా ఉంటారు కదా అన్నాను.

"మీ ఒక్క ఇల్లు నిలుచుకునేదానికి ఊరంతా వంగాలనా? రేపు పొద్దున నన్ను దా అడుగుతారు, మా ఎళుత్తు ఏల చిన్నదైనాదని. నేనేం చెప్పేది, రాణి వస్తాండాదని చెప్పేదా?"

"చెప్పేదానికేం, నిజం దానే" అంది అత్త.

చట్రం పెద్దది చేయడం కుదరదు, అది ఇనుము, గోడకు బిగించింది. ఇంక అక్షరాలను అడ్డంగా నొక్కడం ఒకటే దారి. ఎత్తు తగ్గకుండా వెడల్పు మాత్రం తగ్గించే మీట మా ప్యానెల్‌లో ఉండేది. నేనే గీశాను, పైనే పెట్టాను. మేనేజరు దాన్ని ఎక్కడో పాతిపెట్టాడు. దుకాణం అతన్ని లేపి నేనే కూర్చున్నాను. నేను గీసిన ప్యానెల్‌లో నేను గీసిన మీట కోసం నేను వెతుకుతున్నాను. అది అక్షరాల పెట్టెలో లేదు, పేరాల పెట్టెలోనూ లేదు. "ఇతరములు" అని ఒకటి పెట్టారు, నాకు తెలియకుండా. అందులో ఉంది.

"అక్కా, ఇది మీరు చేసినది దానే?" అన్నాడతను. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. అందుకే ఇంకా మండింది.

నొక్కాను. పేరంతా గడిలో పట్టింది. నిలువు గీతలు సన్నబడి, సుళ్ళు కోడిగుడ్లయి, మొత్తం వరుస ఊపిరి బిగబట్టుకున్నట్టు కనబడింది. పక్క వరుసల్లో ఇళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చున్నాయి.

"సేత్తూరు షేర్ ఆటోలో ఎక్కినట్టు ఉండాము" అంది అత్త.

వద్దన్నాను.

అప్పుడు నాకు ఇంకో ఆలోచన వచ్చింది. తమిళంలో ఒత్తు లేదు. సగం అక్షరమైనా సరే నెత్తిన చుక్క పెట్టుకుని వరుసలో తన చోటు తాను తీసుకుంటుంది. మా ఇంటిపేరు నిండా జంటక్షరాలే, అందుకే అంత పొడవు. తెలుగులో రాస్తే ఆ రెండో అక్షరాలన్నీ కిందికి దిగి ఒత్తులవుతాయి, పేరు పొట్టిదవుతుంది. పైగా అది తెలుగు పేరే, తెలుగువాళ్ళకే ఇచ్చిన బిరుదే. తెలుగులో టైప్ చేశాను.

ఫాంట్ల జాబితా తెరిచాను. వరుసలన్నీ ఒత్తులు తెగి ఉన్నాయి. ఏ ఫాంట్‌కు కింద ఏముందో తెలియదు. ఒకటి ఎంచుకుంటే ఒత్తులు విడిపోయి పక్కన పడ్డాయి. ఇంకోటి ఎంచుకుంటే అక్షరాల బదులు ఖాళీ గళ్ళు వచ్చాయి. మూడోది ఎంచుకునేసరికి మేనేజరు మీద నాకున్న గౌరవం ఏదైనా ఉంటే అదీ పోయింది. చివరకు ఒకటి దొరికింది, నిండుగా, గుండ్రంగా. మా ఇంటిపేరు, బిరుదు, నా పేరు, అన్నీ పూర్తి ఎత్తులో గడిలో పట్టి, చివర ఇంకా ఖాళీ మిగిలింది.

నాకు చాలా బాగా అనిపించింది. వెనక్కి తిరిగి చూశాను. ముగ్గురూ తెరకేసి చూస్తున్నారు. ముగ్గురి ముఖాల్లోనూ ఏమీ లేదు.

"అందంగా ఉండాది" అన్నాడు దుకాణం అతను. "జాంగిరీలు చుట్టిన మాదిరి. ఇది ఏమి బాష?"

"నువ్వు మాట్లాడతాండేదే రా" అన్నాను.

"ఇట్లానా ఉంటాది?" అని దగ్గరికొచ్చి చూశాడు.

అత్త తెర దగ్గరికి వంగింది. "ఇందులో మన ఇల్లు ఎక్కడుండాది? నువ్వెక్కడుండావు?"

వేలు పెట్టి చూపించాను. ఆమె నా వేలును చూసింది గాని అక్షరాలను చూడలేదు. "నువ్వు పక్కన నిలుచుకొని వచ్చిపోయే అందరికీ ఇట్లా వేలు పెట్టి చూపిస్తావా? చదవలేని పేరు పెద్దగా ఉంటేనేం, చిన్నగా ఉంటేనేం."

సెక్రటరీ మామకు ఇంకో చిక్కు కనబడింది. తెర మీదికి వంగి మా వరుస కింద చూశాడు. "ఇవి ఏమి, కొక్కేల మాదిరి? మా పేరు మీదికి దిగినాయే."

ఒత్తులు దిగాయి నిజమే. తమిళానికి కొలిచిన వరుసల మధ్య ఒత్తుకు చోటు లేదు. మా బిరుదు చివరి ఒత్తు సరిగ్గా వాళ్ళ ఇంటి మొదటి అక్షరం నెత్తిన కూర్చుంది.

"మీ కాళ్ళు మా తల మీద పెట్టినట్టు ఉండాది" అన్నాడు.

"కొత్తగా పెట్టిన కాళ్ళా?" అంది అత్త.

"ఇదో చూడమ్మా, ఈ మాటలకు దా మీ ఇంటికి ఎవరూ రారు" అన్నాడాయన. తరువాత గొంతు తగ్గించి, నాతో మంచిగానే మాట్లాడాడు. అది ఇంకా ఇబ్బంది. "పాపా, నేను చెప్తాను విను. ఈ కాలంలో అంత పొడుగు బిరుదు ఎవరికి కావాల? తమిళంలో చేసేలాగా ఇంటిపేరుకొక ఎళుత్తు, బిరుదుకొక ఎళుత్తు, చుక్క పెట్టు. ఇనిషియల్. ఆ తర్వాత నీ పేరు రాయి, నిండుగా, పెద్దగా. నీ పేరు కోసం దానే మీ అత్త అంత సండ వేసి పోట్లాడినాది? మీరెవరని అందరికీ తెలుసులే."

"తెలిసుంటే బోర్డు ఎందుకు? సుమ్మా ఉత్త తెల్లగుడ్డ కట్టండి" అంది అత్త. కాని ఆ మాటలో ముందున్న వాడి లేదు. నా పేరు నిండుగా, పెద్దగా అన్న మాట ఆమెకు రుచించిందని నాకు తెలిసిపోయింది.

 సెక్రటరీ మామకు తెలియనిది నాకు తెలుసు. ఫ్లెక్స్ దుకాణాల్లో ఎవరూ కొత్తగా మొదలుపెట్టరు. ఈ ఏటి ఫైలు తెరిచి, తేదీ మార్చి, ఒకటి రెండు పేర్లు మార్చి వచ్చే ఏడు వాడతారు. ఆ పైయేడు దాన్నే. ఈ సాయంత్రం ఈ ఫైలులో మా ఇంటిపేరు రెండు చుక్కలైతే అది ఇక ఎప్పటికీ రెండు చుక్కలే. పదేళ్ళ తరువాత ఆ చుక్కల వెనక ఏముందో అడిగితే చెప్పేవాళ్ళుండరు. ఫ్యాక్టరీ పోయినప్పుడు కాగితాల మీద సంతకాలు జరిగాయి, పెద్దలు కూర్చున్నారు, ఇంట్లో ఏడ్చారు. ఇది అలా పోదు. "సేవ్" అని ఒక్కసారి నొక్కితే పోతుంది.

దుకాణం అతను గడియారం చూశాడు. మిషను వేడెక్కి ఉంది, వెనక ఇంకెవరిదో పుట్టినరోజు బ్యానరు వరుసలో ఉంది.

తెలుగు చెరిపేశాను. మళ్ళీ తమిళంలో టైప్ చేశాను. మొదట నా పేరులో మొదటి అక్షరం, పక్కన చుక్క. ఆ తరువాత మా ఇంటిపేరు, పూర్తిగా. బిరుదు, పూర్తిగా. అంతే. పూర్తి ఎత్తులో పట్టింది. ఆటో ఫిట్ ముట్టుకోలేదు.

సెక్రటరీ మామ చదివాడు, మళ్ళీ చదివాడు. "ఇది తలకిందులు గదా. ఇంటిది దా ఇనిషియల్ పెట్టేది, మనిషిది పెట్టరు."

"మా ఇంట్లో ఇట్లా దా" అన్నాను.

ఆయన హెల్మెట్ ఈ మోచేతి నుంచి ఆ మోచేతికి మార్చుకున్నాడు. వరుసలు సమానంగా ఉన్నాయి, ఎవరి కాళ్ళూ ఎవరి తల మీదా లేవు, ఆయన కాదనడానికి ఏమీ లేదు. "సరి, మీ ఇష్టం" అని దిగిపోయాడు.

 బస్టాండు నుంచి ఇంటి దాకా టౌన్ బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా అత్త ముందు సీటులో పోయి కూర్చుంది. ఇంటికొచ్చాక చెప్పులు విడుస్తూ అంది. "ఒక ఎళుత్తు పెట్టించుకునేదానికా నేను ఆ కూటంలో నిలుచుకొని అన్ని మాటలు పడింది?"

"ఇంటిపేరు పోయేది అత్తా."

"ఇంటిపేరు. ఇంటిపేరు పెట్టుకున్న మగవాళ్ళు దానే అంతా అమ్మినారు? వాళ్ళ పేర్లు అన్నేండ్లు నిండుగా ఉండినాయి అక్కడ. అమ్మకుండా ఉండినది నువ్వు. నీది ఒక చుక్క."

 మా ఇంట్లో పెద్దవాళ్ళకు ఎదురు చెప్పరు.  ఇంటిపేరును కాపాడానని నేను అనుకుంటున్నాను, కూతురి పేరును చెరిపేశానని ఆమె అనుకుంటోంది. రెండూ ఒకే గడిలో పట్టవు. అందుకు ఆమెను తప్పుపట్టలేను, నన్ను నేను తప్పుపట్టుకోలేను. నాకు కోపమంతా ఆ గడి మీద.

పొద్దున చావడికి పోయేసరికి బోర్డు కట్టేశారు. జనం వస్తున్నారు, పైకి చూస్తున్నారు, తమ వరుస వెతుక్కుని చదువుకుంటున్నారు. ఒకాయన చేతిలో గొడుగు పైకెత్తి తమ ఇంటి అక్షరాన్ని కొలిచి, పై వరుసను కొలిచి, తృప్తిగా దించుకున్నాడు. నేను స్తంభం పక్కన నిలబడ్డాను. మా వరుస మొదట ఉంది. నిండుగా ఉంది. ఎవరూ ఏమీ అనడానికి లేదు.

అత్త నాతో రాలేదు. నాకన్నా ముందే వచ్చి, సరిగ్గా బోర్డు కింద, దారిలో నిలబడి ఉంది. పండుగకు కట్టుకునే పట్టుచీర కట్టుకుంది.

చోళపురం నుంచి వచ్చిన ముసలాయన ఒకడు ఆగి, తల ఎత్తి, మొదటి అక్షరం దగ్గర తడబడ్డాడు. "ఇది ఎవరిది, కొత్తగా ఉండాదే?"

"అది మా పిల్లది" అంది అత్త. తరువాత నా పేరు చెప్పింది. మెల్లగా కాదు, చావడి లోపలికి వినబడేలా, ఒక్కో అక్షరం విడివిడిగా. "మా అన్న కూతురు. కంప్యూటర్‌లో ఎళుత్తులు వేసే పని. ఇప్పుడు ఇంటికి పెద్ద ఆమె దా."

ఆయన తల ఊపి లోపలికి పోయాడు. వెనక వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు అడగనే లేదు. అయినా అత్త వాళ్ళకూ చెప్పింది. ఆ తరువాత వచ్చినవాళ్ళకూ.

నాకు తల కొట్టేసినట్టయింది. మా ఇంట్లో తమ గురించి తాము చెప్పుకోరు, ఒకరి చేత చెప్పించుకోరు. దగ్గరికి పోయి "చాలు అత్తా, లోపలికి రా. అందరూ చూస్తాండారు" అన్నాను.

"చూడనీ. నువ్వు పోయి కూర్చో."

"నీకెందుకు ఈ ఎండలో?"

"ఒక ఎళుత్తు రాసి మిగతాది నోట్లో పెట్టుకున్నావు. ఆ మిగతాది ఎవరో ఒకరు చెప్పాల గదా" అంది. నావైపు చూడలేదు. దారి మలుపులో సెక్రటరీ మామ కుటుంబమంతా వస్తోంది, ఆమె చూపు అటే ఉంది. కొంగు సరిచేసుకుని, దారికి ఇంకాస్త అడ్డంగా నిలబడింది.